వేట రైఫిల్‌కు మజిల్ బ్రేక్ ఎందుకు వద్దంటాను

డాలస్ దగ్గర ఉండే ఒక తమ్ముడు, కాలేజీలో నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, ఈ మధ్య .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్ కొన్నాడు. నవంబరులో జింకల సీజను మొదలయ్యేలోపు చేతికి అలవాటు చేసుకుందామని షూటింగ్ రేంజికి వెళ్లాడట. ఒక పెట్టె తూటాలు అయ్యేసరికి భుజం కమిలి నల్లబడింది. తుపాకుల దుకాణంలో చెప్పుకుంటే, బ్యారెల్ చివర మజిల్ బ్రేక్, అంటే పక్కలకు రంధ్రాలున్న చిన్న గొట్టం, బిగించుకోమని సలహా ఇచ్చారు. "తన్ను సగానికి తగ్గుతుందంటున్నారు అన్నయ్యా, ఏ కంపెనీది మంచిదంటావు?" అని ఫోను చేశాడు. ఏ కంపెనీదీ వద్దన్నాను. కాసేపు వాదించుకున్నాం. ఫోను పెట్టేశాక అతని వాదనలో కొంత బలం ఉందనిపించింది. ఆ కొంతను కూడా లెక్కలోకి తీసుకుని నా మాట నిలుస్తుందో లేదో చూసుకోవడానికే ఇది రాస్తున్నాను.

వేట తప్పా ఒప్పా అన్న చర్చ ఇక్కడ పెట్టను. అది పెద్ద చర్చ, నాకు ఆసక్తి ఉన్నదే, కానీ మరోసారి. వేటాడాలని నిర్ణయించుకుని, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, లైసెన్సు తీసుకున్న మనిషి తన రైఫిల్‌కు ఏమి బిగించుకోవాలన్నదే ఇప్పటి విషయం.

తన్ను ఎక్కడి నుంచి వస్తుంది

తుపాకి వెనక్కి తన్నేది గుండు ముందుకు పోవడం వల్లనే అనుకుంటాం. అది పూర్తి లెక్క కాదు. .300 మాగ్నమ్ తూటాలో 180 గ్రెయిన్ల గుండు వెనక సుమారు 70 గ్రెయిన్ల మందు ఉంటుంది (గుండునూ మందునూ తూచే చిన్న కొలత గ్రెయిన్). ఆ మందంతా కాలి వాయువై, గుండు బయటపడ్డ మరుక్షణం దానికంటే ఎక్కువ వేగంతో మూతి నుంచి దూసుకొస్తుంది. కాగితం మీద లెక్క వేస్తే మొత్తం తన్నులో మూడో వంతుకు పైగా ఆ వాయువుదే. మజిల్ బ్రేక్ గుండును ఏమీ చేయలేదు. దాని పనంతా ఈ వాయువుతోనే. ముందుకు పోవలసిన వాయువును పక్కలకు, కొంత వెనక్కి మళ్లిస్తుంది. వెనక్కి మళ్లిన వాయువు తుపాకిని ముందుకు లాగుతుంది, భుజం మీద దెబ్బ తగ్గుతుంది. మంచి బ్రేక్ తన్నును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుందన్న మాట అబద్ధం కాదు. దుకాణం వాళ్లు మోసం చేయలేదు.

అయితే ఆ వాయువు వెనక్కి వస్తుందన్నప్పుడు, వెనక ఉన్నది ఎవరు? కాల్చేవాడి ముఖం. పక్కలకు పోతుందన్నప్పుడు, పక్కన ఉన్నది ఎవరు? తోడు వచ్చినవాడు. తన్నును తగ్గించే పనీ, చప్పుడును చెవుల వైపు తోసే పనీ రెండు వేరు వేరు పనులు కావు. ఒకే వాయువును ఒకే దిక్కుకు తిప్పడం వల్ల వచ్చే రెండు ఫలితాలు. అందుకే "చప్పుడు పెరగని బ్రేక్" అని ఎవరైనా అమ్మజూపితే నాకు నమ్మకం కుదరదు. చప్పుడు నిజంగానే పెరగలేదంటే, తన్ను కూడా అంతగా తగ్గి ఉండదు.

చెవి దగ్గరి అంకెలు

బ్రేక్ లేని మామూలు వేట రైఫిల్ పేలినప్పుడు కాల్చేవాడి చెవి దగ్గర శబ్దం 160 డెసిబెల్స్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బ్రేక్ బిగిస్తే దానికి మరో 5 నుంచి 10 డెసిబెల్స్ కలుస్తాయి. అయిదు పదే కదా అనిపిస్తుంది. డెసిబెల్ కొలమానం అలా మాయ చేస్తుంది. 6 డెసిబెల్స్ పెరిగితే గాలి ఒత్తిడి రెట్టింపు అయినట్టు. ఇలాంటి ఒక్క దెబ్బ శబ్దానికి పెద్దవాళ్ల చెవి తట్టుకునే పరిమితిగా ఎప్పటినుంచో చెబుతున్న అంకె 140. పిల్లలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 120.

మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, దీపావళి టపాకాయలకు మన దేశంలో ఒక నియమం ఉంది. పేలిన చోటి నుంచి 4 మీటర్ల దూరంలో శబ్దం శిఖరం 145 డెసిబెల్స్ దాటితే ఆ టపాకాయను తయారు చేయడానికీ అమ్మడానికీ వీల్లేదు. ఆ నియమాన్ని ఎవరు ఎంత పాటిస్తున్నారన్నది వేరే కథ. నిషేధించదగినదని మన ప్రభుత్వం అనుకున్న ఆ టపాకాయ కంటే 163 డెసిబెల్స్ రైఫిల్ ఒత్తిడిలో ఎనిమిది రెట్లు ఎక్కువ. అదీ 4 మీటర్ల అవతల కాదు, చెవి దగ్గరే.

కమిలిన భుజం వారం తిరిగేసరికి మామూలైపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశ కణాలు చస్తే మళ్లీ పుట్టవు. ముందు పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చెవి ఎక్కువ దెబ్బతింటుంది, ఎందుకంటే రైఫిల్ ఎత్తి పట్టినప్పుడు ఎడమ చెవి బ్యారెల్ మూతి వైపు తిరిగి ఉంటుంది, కుడి చెవికి తల అడ్డుగా ఉంటుంది.

మేము వేటకు వెళ్లే పొలం యజమాని డెబ్భై దాటిన మనిషి. భోజనాలకు కూర్చున్నప్పుడల్లా బల్లకు ఎడమ కొసన ఉన్న కుర్చీ ఆయనదే. ఇంటి పెద్ద కాబట్టి అది ఆయన స్థానమేమో అనుకునేవాణ్ణి. అందరూ తన కుడివైపు ఉంటేనే మాటలు వినిపిస్తాయని, ఎడమ చెవిలో హోరు తప్ప ఇంకేమీ లేదని ఆయన భార్య చెప్పింది. ఆయన యౌవనంలో బ్రేకులు ఇంత వాడుకలో కూడా లేవు. ఉత్త రైఫిల్‌తోనే ఆ చెవి పోయింది.

మఫ్స్ పెట్టుకుంటే సరిపోదా

తమ్ముడి మొదటి ఎదురువాదన ఇదే, అందరిదీ ఇదే. రేంజిలో దీనికి నా దగ్గర జవాబు లేదు. చెవి లోపల బిరడాల్లాంటి ప్లగ్స్, పైన చెవులను కప్పే మఫ్స్ రెండూ పెట్టుకుని, పక్కవాళ్లు కూడా పెట్టుకున్నారో లేదో చూసి కాలిస్తే బ్రేక్ పెద్ద ప్రమాదం కాదు. మర్యాదకు మాత్రం ప్రమాదమే. మా రేంజిలో రేకుల కప్పు కింద వరసగా బల్లలు ఉంటాయి. ఒక శనివారం ఒకాయన పెద్ద బ్రేక్ ఉన్న రైఫిల్ తెచ్చి రెండు తూటాలు కాల్చాడు. అటుపక్క తండ్రీ కూతుళ్లు, ఇటుపక్క ఒక ముసలాయన, ఎవరూ పల్లెత్తు మాట అనకుండా సామాను సర్దుకుని దూరంగా ఉన్న బల్లలకు మారిపోయారు. పాపం ఆయన గమనించినట్టు లేదు.

వేటలో సంగతి వేరు. విస్కాన్సిన్ రాష్ట్రంలో బీవర్ డ్యామ్ అనే ఊరి మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2000 సంవత్సరంలో అచ్చయింది. వేటకు వెళ్లేవాళ్లలో 95 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో వేటలో ఒక్కసారి కూడా చెవులకు రక్షణ పెట్టుకోలేదని తేలింది. గురి అభ్యాసానికి కాల్చేవాళ్లలో అలా పెట్టుకోనివాళ్లు 38 శాతం. అంటే చెవుల గురించి జనానికి తెలియక కాదు. అడవిలో వినడమే సగం పని. ఎండుటాకుల మీద అడుగు పడిందా, వెనక కొమ్మ కదిలిందా అని ఆలకిస్తూ గంటలు గడిపే మనిషి చెవులు మూసుకుని కూర్చోడు.

ఎలక్ట్రానిక్ మఫ్స్ వచ్చాయి, నిజమే. చిన్న చప్పుళ్లను పెంచి వినిపిస్తాయి, పెద్ద చప్పుడును ఆపుతాయి. నేనూ వాడతాను. టెక్సాస్ డిసెంబరులో మధ్యాహ్నానికి చెవులు చెమటపడతాయి, చెంపను రైఫిల్ మడమకు, అంటే భుజానికి ఆనే వెనక భాగానికి, ఆనించినప్పుడు మఫ్ అంచు జరిగి సందు ఏర్పడుతుంది, బ్యాటరీ ఎప్పుడైనా అయిపోవచ్చు. పెట్టె మీద రాసిన రక్షణ అంకె బిగుతుగా కూర్చున్నప్పటి మాట. జరిగిన మఫ్‌తో అందులో ఎంత మిగులుతుందో ఎవరికి వారే ఊహించుకోవాలి. 160 డెసిబెల్స్‌కు ఆ కాస్త తేడా సర్దుకుంటుందేమో. 168కి సర్దుకోదు.

ఇంకొకటి. ఇక్కడ డీర్ బ్లైండ్ అంటారు, మన చేలలోని మంచెకు చెక్క గోడలూ పైకప్పూ కట్టి చిన్న కిటికీలు వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బ్యారెల్ మూతి కిటికీ దాటి బయట ఉంటే సగం నయం. బ్రేక్ రంధ్రాలు కిటికీ లోపలే ఉండిపోతే వాయువు, చప్పుడు రెండూ గోడలకు కొట్టుకుని లోపలున్నవాళ్ల మీదికే తిరిగొస్తాయి. తమ్ముడు ఈసారి పదేళ్ల కొడుకును కూడా తీసుకెళ్తానన్నాడు. పిల్లవాడు బైనాక్యులర్స్ పెట్టుకోవాలని మఫ్స్ పైకి జరుపుతాడు, జరపకుండా ఉండడు. సరిగ్గా అప్పుడే జింక కనిపిస్తుంది. నా వాదనలో మిగతావన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కటి చాలని నా ఉద్దేశం.

అతని వాదనలోని బలం

తమ్ముడు అన్న రెండో మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. "భయపడి కాలిస్తే గురి తప్పుతుంది. గాయపడ్డ జింక పొదల్లోకి పోయి రెండు రోజులు బాధపడి చస్తుంది. నా చెవి కంటే అది పెద్ద పాపం కదా?" నిజమే. తన్నుకు భయపడ్డ మనిషి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటాడు, భుజం ముందుకు తోస్తాడు, గుండు ఎక్కడికో పోతుంది. వేటగాడికి జంతువు పట్ల ఉన్న మొదటి బాధ్యత శుభ్రంగా ఒక్క గుండుతో ముగించడం. ఆ బాధ్యతకు అడ్డు వచ్చే తన్నును తగ్గించుకోవాల్సిందే.

కానీ మనిషి బెదిరేది తన్నుకొక్కదానికే కాదు, చప్పుడుకూ బెదురుతాడు. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు చిన్న .22 రైఫిల్‌తో, చెవులు గట్టిగా మూసి మొదలుపెట్టేది ఇందుకే. ముఖం మీదికి వచ్చే గాలి దెబ్బ, దుమ్ము, ఆ మోత ఒంటికి గుర్తుండిపోతాయి. బ్రేక్ ఒక భయాన్ని తగ్గించి ఇంకో భయాన్ని పెంచుతుంది. ఏది ఎవరికి ఎక్కువన్నది మనిషిని బట్టి ఉంటుంది. అందువల్ల బ్రేక్ పెడితే గురి మెరుగవుతుందన్న హామీ నాకు సగం హామీగానే కనిపిస్తుంది.

మూడోది, బ్రేక్ ఉంటే గురి చూసే స్కోపులో దృశ్యం ఎగిరిపోదు, గుండు ఎక్కడ తగిలిందో కంటితో చూడవచ్చు. ఇది నేను ఒప్పుకుంటాను. కొలరాడో కొండల్లో నాలుగైదు వందల గజాల దూరం నుంచి ఎల్క్ అనే పెద్ద దుప్పిని కొట్టేవాళ్లకు ఇది విలాసం కాదు. నేల మీద పడుకుని, తీరిగ్గా ప్లగ్స్ పెట్టుకుని, పక్కన ఎవరూ లేకుండా కాల్చేవాళ్లు బ్రేక్ వాడితే నాకు అభ్యంతరం లేదు. మా వైపు మంచె మీద నుంచి వంద గజాల లోపు కాల్చేవాళ్లకు ఆ అవసరమేమిటో మాత్రం అర్థం కాదు. గైడ్లు కూడా ఈ విషయంలో మొహమాటపడరు. ఆఫ్రికాలోనూ అలాస్కాలోనూ బ్రేక్ ఉంటే విప్పి రమ్మనేవాళ్లు తక్కువేమీ లేరు. వేటగాడి పక్కన సీజనంతా నిలబడేది వాళ్ల చెవులు.

ముందు తూటా మార్చండి

అసలు చిక్కు బ్రేక్ దగ్గర మొదలు కాలేదు. .300 మాగ్నమ్ దగ్గరే మొదలైంది. మధ్య టెక్సాస్ వైట్‌టెయిల్ జింక చాలావరకు మనిషి బరువు దాటదు. ఎనిమిది పౌన్ల రైఫిల్‌లో .300 మాగ్నమ్ తన్ను శక్తి 30 అడుగు-పౌన్లకు దగ్గరగా ఉంటుంది. అంతకంటే చిన్న తూటాల్లో, .308లో సుమారు 17. 6.5 క్రీడ్‌మోర్‌లో 13. .243లో 10. తూటా బరువును బట్టి ఇవి కొంచెం మారతాయి, వరస మారదు. తన్ను సగమైతే చాలని కదా తమ్ముడు బ్రేక్ అడిగింది? 6.5కు మారితే సగానికంటే ఎక్కువే తగ్గుతుంది, చెవికి ఒక్క డెసిబెల్ కూడా కలవకుండా. ఆ రెండు తూటాల్లో ఏది తగిలినా వంద గజాల్లో జింకకు తేడా తెలియదు.

పెద్ద తూటా మీద మోజు నాకు అర్థమవుతుంది. ఎప్పటికైనా ఎల్క్ వేటకు వెళ్తానని అందరం అనుకుంటాం. ఎప్పుడో వెళ్లబోయే ఆ ఒక్క ప్రయాణం కోసం ఇప్పటి సీజన్లన్నీ భుజం నొప్పితో గడపడం, ఆ నొప్పికి విరుగుడుగా చెవులు పోగొట్టుకోవడం నాకు సబబుగా లేదు.

కొనేశాక ఇప్పుడేమి చేయాలంటే దానికీ దారులున్నాయి. మంచి రబ్బరు ప్యాడ్, తన చేతి పొడవుకు సరిపోయేలా మడమను సరిచేయించుకోవడం, 180కి బదులు 150 గ్రెయిన్ల గుండు, రైఫిల్‌కు ఒక పౌను బరువు కలపడం. ఇవేవీ ఒక్కటిగా అద్భుతం చేయవు. నాలుగూ కలిస్తే తేడా భుజానికి బాగానే తెలుస్తుంది.

సప్రెసర్ మాటేమిటి

తన్నుకూ చప్పుడుకూ ఒకే మందు ఉంటే అది సప్రెసరే, సైలెన్సర్ అని సినిమాల్లో వినేది. వాయువును పక్కలకు తిప్పకుండా తనలోని అరల్లో ఆపి, చల్లార్చి, నెమ్మదిగా ముందుకు వదులుతుంది. ప్రతి తూటానూ చేత్తో ఎక్కించే బోల్ట్ రైఫిల్ మీద చప్పుడు 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గుతుంది, తన్ను కూడా పావు వంతు దాకా తగ్గుతుంది. సినిమాల్లో చూపించినట్టు తుస్సుమనదు. ధ్వని వేగాన్ని మించిన గుండు గాలిని చీల్చే చప్పుడు అలాగే ఉంటుంది, మూతి దగ్గరి శబ్దం కూడా 140కి చుట్టుపక్కలే. కాబట్టి సప్రెసర్ ఉన్నా నేను ప్లగ్స్ తీయను. జరిగిన మఫ్, మరిచిపోయిన ప్లగ్ లాంటి మనుషుల పొరపాట్లను మన్నించే వెసులుబాటు మాత్రం అది ఇస్తుంది. బ్రేక్‌తో ఆ వెసులుబాటు ఉండదు.

దీన్ని 1909లో పేటెంటు చేయించినవాడు హైరమ్ పెర్సీ మాక్సిమ్. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ కొడుకు. తన తుపాకుల మోతకే తండ్రి చివరి రోజుల్లో చెవిటివాడయ్యాడు. 1934 చట్టంతో అమెరికా ఈ పరికరాన్ని మెషిన్ గన్ల గాటన కట్టి 200 డాలర్ల పన్ను వేసింది. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. వేలిముద్రలు, రిజిస్ట్రేషన్, తనిఖీ మాత్రం అలాగే ఉన్నాయి. నార్వే, న్యూజీలాండ్ వేటగాళ్లు ఈ తతంగాన్ని చూసి నవ్వుకుంటారు, అక్కడ ఇది మామూలు సరుకు. ఇక్కడ వీసా మీద ఉన్న మనవాళ్లకు అసలు తుపాకి ఉంచుకునే హక్కే సాధారణంగా లేదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. దాని ఆధారంగా సప్రెసర్ దాకా వెళ్లాలనుకునేవాళ్లు ముందు వకీలును కలవాలి.

సప్రెసర్‌కూ లోపాలున్నాయి. బ్యారెల్‌కు ఆరేడు అంగుళాల పొడవు, ముందువైపు అర కిలో దాకా బరువు కలుస్తాయి. మంచె కిటికీలో తిప్పేటప్పుడు తగులుతుంది. బిగించాక గురి మళ్లీ సరిచూసుకోవాలి. ధర బ్రేక్‌కు నాలుగైదు రెట్లు. ధర విని తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. మంచి వార్త ఏమిటంటే బ్యారెల్ మూతికి మరలు కోయించే ఖర్చు రెంటికీ ఒకటే. ఇప్పుడు కోయించి, సప్రెసర్ కొనేదాకా మూత బిగించి ఉంచుకోవచ్చు.

నా మాట పూర్తిగా చెల్లని చోట్లు కూడా ఉన్నాయి, అవి మనవాళ్లు బాగా ఉండే చోట్లే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో మామూలు పౌరులకు సప్రెసర్ నిషిద్ధం. అక్కడివాళ్లకు మిగిలేది చిన్న తూటా, మంచి ప్యాడ్, ఎలక్ట్రానిక్ మఫ్స్. మఫ్స్ కింద ప్లగ్స్ కూడా పెట్టుకుని, మఫ్స్ ధ్వనిని పెంచుకుంటే అడుగుల చప్పుడు బాగానే వినిపిస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం లేని గుండ్లే వాడాలి. .243కూ 6.5 క్రీడ్‌మోర్‌కూ రాగి గుండ్ల తూటాలు దొరుకుతాయి కానీ సీజను దగ్గర పడితే దుకాణాల్లో అరలు ఖాళీ అవుతాయి. ఆగస్టులోనే కొని, గురి సరిచూసుకోవడానికి సరిపడా అదే రకం తూటాలు పక్కన పెట్టుకోండి.